మాంటిస్సోరి టీచర్ ట్రైనింగ్, ఆ తర్వాత తెలుగు అక్షరాల పెట్టె: నా అనుభవం

మాంటిస్సోరి (చిన్నపిల్లలు సొంతంగా చేత్తో పని చేస్తూ నేర్చుకునే పద్ధతి) ట్రైనింగ్ చెయ్యొచ్చా, ఎలా ఉంటుంది, చేశాక ఏం చేస్తారు అని ఈ మధ్య మా వాళ్ళలో చాలామంది అడుగుతున్నారు, ఫోన్లో ఒక్కొక్కరికీ మొదట్నించీ చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాసేస్తున్నా. పెద్దగానే వస్తుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

నాది తెనాలి, పెళ్ళయ్యాక హైదరాబాద్. బీకాం చేసి ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని, పాప పుట్టాక మానేశా. పాపకి మూడో ఏడు వచ్చేసరికి ఇంట్లో స్కూల్ గోల మొదలైంది. మా నిజాంపేట, బాచుపల్లి, మియాపూర్ వైపు తిరిగితే ప్లే స్కూల్ బోర్డుల మీద ఎక్కడ చూసినా మాంటిస్సోరి అనే ఉంటుంది, లోపలికెళ్తే మాత్రం అవే బెంచీలు, అవే చార్టులు, మూడేళ్ళ పిల్ల నాలుగు గీతల కాపీలో స్టాండింగ్ లైను, స్లీపింగ్ లైను రాస్తూ కళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది. ఆ పేరు ఎవరి సొంతమూ కాదు, ఎవరైనా బోర్డు మీద రాయించుకోవచ్చు, అడిగేవాడు లేడు. అలా తిరిగి తిరిగి చివరికి ఒక ఇంట్లో నడుస్తున్న చిన్న స్కూలు చూశాం, పాతిక ముప్పై మంది పిల్లలున్నారు కానీ గోల లేదు, ఒకడు బల్ల కడుగుతున్నాడు, ఒకమ్మాయి కింద కూర్చుని పూలు గుచ్చుతోంది, టీచర్ ఎక్కడుందో కనుక్కోడానికే టైం పట్టింది నాకు. పాపని అక్కడే వేశాం. అక్కడ మేడమ్ గారే చెప్పారు, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం డిప్లొమా కోర్సు ఉంటుంది, నీకు ఇంత ఆసక్తి ఉంటే చెయ్యమ్మా అని. మా ఆయన "ఇంట్లో ఒక పిల్లనే చూసుకోలేక చస్తున్నాం కదే" అన్నాడు, అయినా ఫీజు కట్టాడు.

కోర్సు దాదాపు ఏడాది. మా బ్యాచ్ లో సాఫ్ట్‌వేర్ మానేసినవాళ్ళు, ఒక డెంటిస్టు, ఇంటర్ పాసై పెళ్ళి చేసుకుని పదేళ్ళ తర్వాత మళ్ళీ పుస్తకం పట్టిన ఆవిడ, రిటైరైన బ్యాంకు ఆఫీసర్ ఒకాయన, ఇలా అన్ని రకాలూ. పిల్లల్ని ఎలా ఆడించాలి, పాటలు, పప్పెట్లు, కలర్ పేపర్ క్రాఫ్టులు నేర్పుతారనుకుని వచ్చాం అందరం. మొదటి వారాల్లో మాకు నేర్పింది ఏంటంటే కుర్చీ చప్పుడు కాకుండా ఎలా ఎత్తి ఎలా పెట్టాలి, చాప ఎలా చుట్టాలి, ఎలా పరవాలి, పరిచిన చాప చుట్టూ ఎలా నడవాలి. ఒక పూట మొత్తం ఒక చిన్న జగ్గులోంచి ఇంకో జగ్గులోకి బియ్యం పోశాం. డెంటిస్టు గారు నా చెవిలో "ఇందుకేనా అండీ మనం డబ్బులు కట్టింది" అన్నారు, ఇదే డైలాగు తర్వాత మా స్కూల్లో పేరెంట్స్ నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఆ పోయడం వెనక సంగతి నెమ్మదిగా అర్థమవుతుంది. మనం జగ్గు ఎత్తి పోసేస్తాం, చెయ్యి ఏం చేస్తుందో మనకే తెలీదు. మూడేళ్ళ పిల్లకి చూపించాలంటే దాన్ని ముక్కలు చెయ్యాలి: పిడి పట్టుకోవడం, రెండో చెయ్యి జగ్గు ముక్కు కింద ఆనించడం, ఎత్తడం, రెండో జగ్గు మధ్యకి తేవడం, ఆగడం, వంచడం, చివరి గింజ పడేదాకా చూడటం, నిటారుగా చేసి దింపడం, ట్రేలో గింజ పడిందేమో చూడటం, పడితే రెండు వేళ్ళతో తియ్యడం. చూపిస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. మాట్లాడితే చెయ్యి ఆపాలి, చెయ్యి కదిలితే నోరు ఆపాలి, ఎందుకంటే ఆ వయసు పిల్లలు మన మొహం చూడాలో చేతులు చూడాలో తేల్చుకోలేరు. తెలుగు ఆడవాళ్ళకి ఇది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు, మా బ్యాచ్ అంతా "ఇదిగో నాన్నా ఇలా పట్టుకుని, ఆఁ ఇప్పుడు ఇలా..." అని మొదలుపెట్టేవాళ్ళమే, ట్రైనింగ్ మేడమ్ వెనకనుంచి గొంతు సవరించుకునేవారు.

ఈ రోజువారీ పనుల భాగాన్ని ఈపీఎల్ (ఎక్సర్‌సైజెస్ ఆఫ్ ప్రాక్టికల్ లైఫ్) అంటారు. దానికి వాడేవన్నీ మన ఇంటి సామానే. కందులు, పెసలు, శనగలు వేరు చెయ్యడం, పల్లీలు వలవడం, చిన్న చేటలో చెరగడం, పిండి జల్లించడం, అరటిపండు కొయ్యడం, చింతపండుతో ఇత్తడి చెంబు తోమడం, బట్ట మడతపెట్టడం, చీపురుతో ఊడ్చి ఒకచోటికి చేర్చడం. గుండీలు, హుక్కులు, జిప్పు, తాడు ముడి వీటికి చెక్క ఫ్రేములు ఉంటాయి. ఇంకా ఇంద్రియాల భాగం, భాష, లెక్కలు, చుట్టూ ఉన్న ప్రపంచం, ఇలా విడివిడిగా. ఒక్కో భాగానికి ఒక ఆల్బమ్ రాయాలి. ప్రతి ప్రెజెంటేషనూ, అంటే ఒక వస్తువుని పిల్లకి చూపించే పద్ధతిని, మన సొంత మాటల్లో రాసి బొమ్మలు వేసి ఇస్తే మేడమ్ ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కిస్తారు, మళ్ళీ రాయాలి. రాత్రి పాపని పడుకోబెట్టి వంటింటి గట్టు మీద కూర్చుని రాసేదాన్ని, అత్తయ్య గారు మంచినీళ్ళకని లేచొచ్చి "అమ్మాయ్, చెయ్యి కడుక్కోడం గురించి నాలుగు పేజీలా?" అని చూసి పోయేవారు.

ఇంద్రియాల సామాను మాత్రం నాకు పిచ్చిగా నచ్చేసింది. పింక్ టవర్ మీరు ఫోటోల్లో చూసే ఉంటారు, పది ఘనాలు, పెద్దది 10 సెంటీమీటర్లు, చిన్నది 1 సెంటీమీటరు, రంగు ఒకటే, చెక్క ఒకటే, మారేది సైజు ఒక్కటే. బ్రౌన్ మెట్లకి పొడవు మారదు, లావు మారుతుంది. ఎర్ర కర్రలకి లావు మారదు, పొడవు 10 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పోతుంది. పిల్ల దేన్ని గమనించాలో ఆ ఒక్కటే మారేలా చేసి మిగతావన్నీ ఒకేలా ఉంచడం, అకౌంట్స్ మనిషిని కదా, ఆ లెక్క చూసి ముచ్చటేసింది. చిల్లులున్న చెక్క దిమ్మలో పది బిరడాలు పెట్టే వస్తువు ఒకటుంది, అలాంటివి నాలుగు దిమ్మలు. తప్పుగా పెడితే చివర్న ఒకటి మిగిలిపోతుంది, లేదా లోపలికి దిగిపోతుంది, తప్పయిందని మనం చెప్పక్కర్లేదు, దిమ్మే చెప్పేస్తుంది. పైగా ఆ బిరడాల పిడి మూడు వేళ్ళతోనే పట్టుకోవాలి, అంటే రేపు పెన్సిల్ పట్టుకునే వేళ్ళు అవే, రాయమని ఎవరూ చెప్పకుండానే చెయ్యి తయారవుతోంది అక్కడ.

పేర్లు నేర్పడానికి మూడు మెట్ల పాఠం అంటారు. "ఇది గరుకు, ఇది నునుపు" అని చెప్పడం, "గరుకుది చూపించు" అనడం, ఆఖర్న "ఇదేంటి?" అని అడగడం. మధ్య మెట్టులోనే ఎక్కువసేపు ఆడించాలి. మనం ఇళ్ళల్లో చేసేది సరిగ్గా ఉల్టా, చుట్టాలొస్తే చాలు "ఇదేంటి చెప్పు నాన్నా, అది ఏం కలరు చెప్పు" అని నేరుగా మూడో మెట్టు ఎక్కించి కూర్చోబెడతాం. ఈ మూడు మెట్లు మరియా మాంటిస్సోరి, అంటే ఈ పద్ధతి మొదలుపెట్టిన ఇటలీ ఆవిడ, కనిపెట్టినవి కావు, ఫ్రాన్స్ లో మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లలతో పనిచేసిన సెగాన్ అనే డాక్టర్ వి. ఆవిడ కూడా మొదట డాక్టరే. రోమ్ లో శాన్ లొరెంజో అనే పేదల పేటలో 1907 జనవరి 6న కూలి పనులకెళ్ళేవాళ్ళ పిల్లల కోసం మొదటి బడి తెరిచింది. ఇప్పుడు మన దగ్గర అదే పేరు చెప్పి లక్షల్లో ఫీజులు తీసుకుంటుంటే ఆ పేట సంగతి ఎవరికీ గుర్తుండదనుకోండి.

థియరీ క్లాసుల్లో నేను కళ్ళప్పగించి విన్నది మాత్రం ఇండియా కథ. 1939 లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్ళు, అప్పటి అధ్యక్షుడు జార్జ్ అరండేల్, రుక్మిణీదేవి దంపతులు పిలిస్తే మాంటిస్సోరి తన కొడుకు మారియోతో కలిసి మద్రాసు వచ్చింది. అడయార్ లో మొదటి ట్రైనింగ్ కోర్సు పెడితే మూడొందల మంది దాకా చేరారట. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కదా. 1940 లో ఇటలీ యుద్ధంలోకి దిగేసరికి వీళ్ళు శత్రుదేశం వాళ్ళయిపోయారు, మారియోని బ్రిటిష్ వాళ్ళు క్యాంపులో నిర్బంధించారు, ఆ ఆగస్టులో ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజుకి వదిలిపెట్టారు. తర్వాత కొడైకెనాల్ లో ఉండి పనిచేశారు, 1946 దాకా ఇక్కడే, మధ్యలో వెళ్ళి మళ్ళీ వచ్చి 1949 దాకా. ఇదంతా వింటుంటే మా అమ్మ గుర్తొచ్చింది, మా అమ్మకి మాంటిస్సోరి అంటే ఒకటే, విజయవాడ మాంటిస్సోరి. వేగే కోటేశ్వరమ్మ గారు 1955 లో మొదలుపెట్టింది, 2017 లో ఆవిడకి పద్మశ్రీ కూడా వచ్చింది. "మాంటిస్సోరి ఆడపిల్లల కాలేజీ కదే, నువ్వు చిన్నపిల్లలదంటావేంటి" అని ఫోన్లో వాదన మా అమ్మ.

ఇక అబ్జర్వేషన్. స్కూల్లో ఒక మూల కుర్చీ వేసుకుని నోట్సు పట్టుకుని కూర్చోవాలి. పిల్లలతో మాట్లాడకూడదు, వాళ్ళు వచ్చి అడిగితే "నేను నా పని చేసుకుంటున్నా" అనాలి. ఏం కనిపిస్తే అది రాయాలి, మన అభిప్రాయం రాయకూడదు. "పాప విసుగ్గా ఉంది" అని రాస్తే మేడమ్ కొట్టేసేవారు, విసుగు అని నీకెలా తెలుసు, పాప ఏం చేసింది అది రాయి అని. "కిటికీ వైపు చూసింది, చాప అంచు వేలితో లాగింది, లేచింది" ఇలా రాయాలన్నమాట. ఒక రోజు ఒక చిన్నది ట్రేలో నీళ్ళు మోసుకొస్తూ మొత్తం ఒలకబోసింది. నాకు సీట్లోంచి లేవాలని కాళ్ళు లాగుతున్నాయి. టీచర్ కదల్లేదు. ఆ పిల్ల కాసేపు నీళ్ళని చూసింది, వెళ్ళి తుడిచే గుడ్డ తెచ్చింది, తుడిచింది, పిండింది, మళ్ళీ తుడిచింది, అసలు పని మర్చిపోయి ఆ పూటంతా తుడవడమే చేసింది. మొహంలో భయం లేదు, ఏడుపు లేదు, ఎవరైనా చూస్తున్నారా అని తల తిప్పి చూడను కూడా లేదు. మా ఇంట్లో అయితే ఆ గ్లాసు పడకముందే "పడేస్తావ్ పడేస్తావ్" అని ముగ్గురం అరుస్తాం.

పరీక్షలు రెండు రకాలు, రాతపరీక్ష, ఓరల్స్. ఓరల్స్ కి ఆల్బమ్ లో ఏదైనా రావచ్చు, చీటీ తియ్యాలి, ఏదొస్తే అది బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు చేసి చూపించాలి. వెయ్యి పూసల ఘనం వరకూ ఉండే బంగారు పూసలతో పెద్ద కూడికలు, ఇరవై ఏడు ముక్కలు పేర్చి ఘనం చేసే ట్రైనోమియల్ క్యూబ్, ఇవి వస్తాయేమోనని రాత్రంతా చదివి వెళ్తే నాకొచ్చింది చేతులు కడుక్కోవడం. నవ్వకండి, అది పెద్ద ప్రెజెంటేషన్, ఏప్రాన్ దగ్గర్నుంచి గోళ్ళ బ్రష్ దాకా, చివర్న మాపు నీళ్ళు బకెట్లో పారబోసి బేసిన్ తుడిచి సబ్బు ఆరబెట్టి కొత్త తువ్వాలు పెట్టేదాకా అన్నీ వరసలో రావాలి. ఎగ్జామినర్ ఆవిడ అచ్చం నాలుగేళ్ళ పిల్లలా నా చేతుల వంకే చూస్తూ కూర్చున్నారు. పాసయ్యా.

పాపని వేసిన స్కూల్లోనే అసిస్టెంట్ గా చేరా. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఒకటే పని సమయం, మధ్యలో పీరియడ్లు, బెల్లులు ఉండవు. మూడు, నాలుగు, ఐదేళ్ళవాళ్ళు ఒకే గదిలో. ఇక్కడ బయటివాళ్ళకి ఒక పెద్ద అపోహ ఉంది, పిల్లల ఇష్టం అంటే వాళ్ళేం చేసినా ఊరుకుంటారని. అస్సలు కాదండి. తనకి చూపించిన వస్తువే తీసుకోవాలి, చూపించనిది ముట్టుకోకూడదు. ప్రతి వస్తువూ గదిలో ఒక్కటే ఉంటుంది, ఇంకొకరు వాడుతుంటే ఆగాలి, వాడాక ఎక్కడిదక్కడ తర్వాతివాళ్ళకి సిద్ధంగా పెట్టాలి. ఎర్ర కర్రలు కత్తులైపోతే ఆ రోజుకి కర్రలు షెల్ఫ్ ఎక్కేస్తాయి, తిట్టు ఉండదు, లెక్చరు ఉండదు. ఈ హద్దుల లోపల మాత్రం ఏది తీసుకోవాలి, ఎంతసేపు చెయ్యాలి, ఎన్నిసార్లు చెయ్యాలి అన్నది పూర్తిగా వాడిష్టం. ఒకడు వారమంతా చింతపండు పట్టుకుని చెంబు తోముతానంటే తోమనివ్వాలి. స్టార్లు, స్టాంపులు, వెరీ గుడ్ లు లేవు. ఈ వెరీ గుడ్ మానడానికి నాకు పట్టినంత టైం ఇంకేదానికీ పట్టలేదు.

పిల్లలొచ్చే ముందు, వెళ్ళాక ఉండే చాకిరీ గురించి ఎవరూ చెప్పరు. పెన్సిళ్ళు చెక్కడం, జగ్గుల్లో రంగు నీళ్ళు మార్చడం, పల్లీలు నింపడం, ఒక పూస తగ్గితే షెల్ఫుల కింద పాకుతూ వెతకడం. పింక్ టవర్ లో ఆ చిన్న ఘనం ఉంది చూశారూ, అది ఎవరో ఒకరి జేబులో ఇంటికి వెళ్ళిపోతుంది, దాన్ని వాళ్ళమ్మ వాషింగ్ మెషిన్ లో కనుక్కుని పంపిస్తుంది. ట్రేలో ఒక్క వస్తువు తక్కువైనా పిల్ల లేచి వచ్చి మనల్ని అడగాలి, అడిగిందంటే పని తెగిపోయినట్టే. అందుకే టీచర్ పనంతా తొమ్మిదింటికి ముందే అయిపోవాలంటారు మా మేడమ్.

ఇది రాయడానికి ఇంకో పెద్ద కారణం తెలుగు. ట్రైనింగ్ మొత్తం ఇంగ్లీష్ లో, భాష మెటీరియల్ మొత్తం ఇంగ్లీష్ అక్షరాలకి. పద్ధతి ఏంటంటే ముందు చెవి, మాటలో శబ్దాలు వినిపించే ఆటలు, తర్వాత ఉప్పు కాగితంతో చేసిన గరుకు అక్షరాల మీద రెండు వేళ్ళతో రాస్తూ శబ్దం అనడం, తర్వాత పెట్టెలో విడి అక్షరాలతో చాప మీద మాటలు పేర్చడం. చేతికి రాత రాకముందే పిల్ల మనసులో మాట రాసేస్తుంది, చదవడం ఆ తర్వాత దానంతటదే వస్తుంది. తెలుగు సెకండ్ లాంగ్వేజ్ లా వారానికి నాలుగు పాటలకి మిగిలిపోయింది. ఇంట్లో తెలుగు తప్ప వేరే రాని పిల్లలు కూడా "క్క, ట్ట" అని ఇంగ్లీష్ శబ్దాలు వెతుక్కుంటున్నారు. స్కూల్ మేడమ్ ని అడిగా, తెలుగు పెట్టె నేను చేస్తానండీ అని. "చెయ్, కానీ ముందు కాగితం మీద ఆలోచించు" అన్నారు.

ఆలోచిస్తే ఒక సుఖం, బోలెడు కష్టాలు. సుఖం ఏంటంటే మనకి అక్షరం పేరూ శబ్దం ఒకటే, ప అంటే ప, పీ అని నేర్చుకుని మళ్ళీ ప్ప అని మార్చుకునే గొడవ లేదు. వరస మాత్రం అ ఆ ఇ ఈ పెట్టలేదు. ప, ష, స ఒక గుంపు, ద, డ ఒక జత, మ, య ఒక జత, వేలికి ఒకేలా తగిలేవి ఒకేసారి ఇవ్వకుండా ఎడంగా ఇచ్చా, కలిపి ఇస్తే కలగాపులగం అయిపోతాయి. ముందు ఇచ్చినవాటితోనే మాటలు రావాలి కాబట్టి ప, ల, క, త, వ, డ, గ, న పట్టుకున్నా. పలక, తల, వల, పడవ, నగ, గడప... గుణింతం ఒక్కటి లేకుండా ఇన్ని మాటలు. అ, ర ఇచ్చాక అరక. ఌ, ౡ జోలికి పోలేదు, ఙ, ఞ కూడా తర్వాత చూద్దాంలే అనుకున్నా.

గుణింతం దగ్గర వచ్చి పడింది అసలు చిక్కు. ఇంగ్లీష్ లో అక్షరం పక్కన అక్షరం పెడితే అయిపోయింది. మనకి గుడి వస్తే తలకట్టు పోయి నెత్తి మీద కూర్చుంటుంది, కొమ్ము పక్కకి వస్తుంది, ఐత్వం పైనా కిందా రెండు చోట్లా వస్తుంది. ప్రతి అక్షరానికీ ప్రతి గుణింతమూ విడిగా ముక్క చేద్దామంటే నాలుగొందల పైచిలుకు ముక్కలు, ఏ పిల్ల వెతుకుతుంది వాటిల్లో? చివరికి చేసిందేంటంటే, తలకట్టు లేని ఒట్టి అక్షరాలు గులాబీ రంగు అట్టలో, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం ఇవన్నీ నీలం అట్టలో కత్తిరించా. ఇంగ్లీష్ పెట్టెలో కూడా మా దగ్గర అచ్చులు నీలం, హల్లులు గులాబీ, కాబట్టి పిల్లకి చూడగానే ఇది అచ్చు పని అని కంటికి తెలిసిపోతుంది. అయినా సతాయించేవి ఉన్నాయి. జ, ట, బ, ల కి అసలు తలకట్టే లేదు, వాటికి గుడి అతికే చోటు వేరు. మొ, యొ మిగతావాటిలా ఒత్వం తీసుకోవు, కొమ్ము తగిలించుకుంటాయి, వాటిని పూర్తి ముక్కలుగానే చేసి పెట్టా. ఆ అట్టలు కత్తిరించి కత్తిరించి నా బొటనవేలి మీద కాయ కాసింది, మా ఆయన ఆదివారాలు కూర్చుని ఎత్వాలు కత్తిరించేవాడు పాపం.

పిల్లల దగ్గర పెట్టాక తెలిసిన విషయం ఇంకా బాగుంది. మనం హల్లు ప్లస్ అచ్చు అనుకుంటాం కానీ తెలుగు పిల్ల చెవికి కిటికీ అంటే కి, టి, కీ మూడు ముక్కలే. క్, ఇ అని విడదియ్యమంటే బిత్తర చూపులు చూస్తుంది. అందుకని ఆటలు కూడా మార్చా, మాటకి చప్పట్లు కొట్టడం, "కి తో మొదలయ్యేది ఏదో నా ట్రేలో ఉంది" అనడం. నాలుగున్నరేళ్ళ అమ్మాయి ఒకతి చాప మీద అకక అని పేర్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించింది, అక్క అని రాసిందట. దిద్దలేదు. కొన్నాళ్ళకి తనే వచ్చి "ఇది అకక అవుతోంది ఆంటీ, అక్క అవ్వట్లేదు" అంది, అప్పుడు వత్తు ఇచ్చా. వత్తులు అడిగినవాళ్ళకే ఇస్తున్నా ఇప్పుడు. క, త, న, మ, య, ర, ల వత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు కాబట్టి వాటికి గరుకు కార్డులు విడిగా చెయ్యాల్సొచ్చింది, ట, డ లాంటివి చిన్న సైజులో అదే అక్షరం కాబట్టి చూడగానే పట్టేస్తారు.

పేరెంట్స్ విషయానికొస్తే, బాసర వెళ్ళి అక్షరాభ్యాసం చేయించుకొచ్చిన మర్నాడే "ఇంక రాయించండి టీచర్" అని వస్తారు. నేను వాళ్ళకి చెప్పేది, అమ్మా అక్కడ పళ్ళెంలో బియ్యం పోసి వేలితోనే కదా రాయించారు, మా దగ్గర ఇసుక ట్రేలో రోజూ అదే చేయిస్తాం అని. కొంతమంది నవ్వి ఊరుకుంటారు. కొంతమంది ఊరుకోరు. ఒక తాతగారు నేరుగా "మా మనవడితో చీపురు పట్టిస్తున్నారంట, దానికి ఆయమ్మ లేదా?" అన్నారు. ఆయన్ని ఒక పూట అబ్జర్వేషన్ కుర్చీలో కూర్చోబెట్టాం. మనవడు ఊడ్చిన చెత్తని గీత గీసిన గుండ్రం లోపలికి చేర్చడానికి పడ్డ అవస్థ మొత్తం చూశారు. ఒప్పుకున్నారా అంటే లేదు, కానీ మాన్పించలేదు. అందరి భయం ఫస్ట్ క్లాస్ అడ్మిషన్, పెద్ద స్కూళ్ళలో ఇంటర్వ్యూ పెడతారని. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అలా పిల్లల్ని పరీక్ష పెట్టి వడపొయ్యడమే నిషేధం, 2020 జాతీయ విద్యావిధానం కూడా ఫస్ట్ క్లాస్ కి ఆరేళ్ళు నిండాలి, మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటలు, చేతిపనులతోనే సాగాలి అంటోంది. ఇవి చెప్తే "కాగితం మీద బానే ఉంటాయి టీచర్" అంటారు, వాళ్ళని అనడానికి లేదు, స్కూళ్ళు అలాగే ఉన్నాయి.

మా పద్ధతిలో నాకు మింగుడుపడనివి కూడా చెప్తా. ఆరేళ్ళ లోపు కల్పిత కథలు వద్దు, నిజంగా ఉన్నవే చెప్పాలంటారు, మాట్లాడే కాకి, రాక్షసుడు ఇవేం ఉండకూడదు. నేను ఒప్పుకోలేకపోయా. పేదరాశి పెద్దమ్మ లేకుండా తెలుగు పిల్లల బాల్యం ఏంటండీ? గదిలో ట్రైనింగ్ ప్రకారమే ఉంటా, మధ్యాహ్నం చెట్టు కింద మాత్రం ఏడు చేపల కథ నడుస్తుంది. రెండోది ఖర్చు. పూర్తి సెట్టు మంచి చెక్కతో కొంటే లక్షలు దాటిపోతుంది, అది లేకపోతే మాంటిస్సోరి కాదన్నట్టు మాట్లాడేవాళ్ళున్నారు. సెలవులకి తెనాలి వెళ్ళినప్పుడు అమ్మ వాళ్ళ వీధిలో అంగన్‌వాడీకి వెళ్ళి కూర్చునేదాన్ని. ఉన్నది ఒకటే గది, అందులోనే బియ్యం బస్తాలు, గుడ్లు, బరువు తూచే మిషను, రిజిస్టర్లు. అంగన్‌వాడీ టీచర్ గారితో కలిసి కొబ్బరి చిప్పలు, గిన్నెలు, పప్పులు, పాత చొక్కా గుండీలతో పది ట్రేలు తయారుచేశాం. ఆ పిల్లలకి చెరగడం నేను చూపించక్కర్లేదు, వాళ్ళే నాకు చూపించారు, ఇళ్ళల్లో చూస్తున్నారు కదా. చెక్క ఘనాలు లేకపోయినా ఆ పూటంతా ఎవరి పనిలో వాళ్ళున్నారు. 1975 లో మొదలై ఇప్పుడు దేశమంతా ఉన్న వ్యవస్థ ఇది, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు రోజూ వచ్చే చోటు, ట్రైనింగ్ కోర్సులు పెట్టేవాళ్ళు అటు వైపు చూస్తే బాగుండు అని నాకు అనిపిస్తుంది. ఆ టీచర్ గారికి ఓపిక బానే ఉంది, రిజిస్టర్లు రాసాక మిగిలే టైమే లేదు.

ట్రైనింగ్ చెయ్యాలా అని అడిగినవాళ్ళకి నా జవాబు, జీతం కోసమైతే వద్దు, చాలా తక్కువ ఇస్తారు. చేరేముందు ఆ సెంటర్ లో ఆల్బమ్ లు మీరే రాస్తారా లేక జెరాక్స్ ఇచ్చేస్తారా కనుక్కోండి, జెరాక్స్ అయితే డబ్బులు దండగ. ఆన్‌లైన్ లో కొన్ని నెలల్లో సర్టిఫికెట్ అంటే, వస్తువుని చేత్తో ముట్టుకోకుండా ఏం నేర్చుకుంటారో నాకైతే తెలీదు.

పిల్లల కోసం స్కూలు వెతుకుతున్నవాళ్ళు పొద్దున పది గంటలప్పుడు వెళ్ళి చూస్తామని అడగండి, సాయంత్రం రమ్మంటే అనుమానించాలి. షెల్ఫుల మీద సామాను రంగు పోయి, అంచులు అరిగి ఉంటే మంచిదే, తళతళా మెరుస్తుంటే అవి చూడ్డానికి పెట్టినవి. బాత్రూంలో సింకు ఎంత ఎత్తులో ఉందో చూడండి, మూడేళ్ళ పిల్లకి అందాలి. అలాగే వచ్చేముందు, తెలుగు అక్షరాల మెటీరియల్ ఏదండీ ఒకసారి చూపిస్తారా అని అడగండి. లేదంటే మా పెట్టె కొలతలన్నీ కాగితం మీద రాసి ఉంచా, వాళ్ళకి ఇస్తా, అట్ట, కత్తెర, ఉప్పు కాగితం, బంక ఉంటే చాలు.